ఎనుము కుడితిలో మా వాటా

దగ్గరికి జరగండి. పొగ అటుపక్క పోతా ఉండాది, మీ కండ్లకు రాదులే. ఈ కాగు నీళ్ళు మరిగేలోపల ఒక పాత ముచ్చట చెప్తా.

పాపా, నీ సంచిలో సీసా చూసినా. ఆరు నూర్లంట గదా! దాని మింద కుంకుడుకాయ బొమ్మ, మందారం పువ్వు బొమ్మ, ఇంత లావు కలబంద మట్ట. మన దొడ్లో చెట్లన్నీ బొమ్మలేసి మనకే అమ్ముతా ఉండారే అని నవ్వొచ్చింది నాకు. హాస్టల్ ఖర్చులో నాలుగు దుడ్లు మిగిలించుకోవాల, ఇంట్లో చేసుకునేది ఏదన్నా చెప్పవ్వా అంటివి. చెప్తా. దానికి ముందు ఒకటి తెలుసుకో. మా కాలంలో తలకనీ ఒంటికనీ ఎవురూ ఏదీ కొనింది లేదు. అట్లని ఊరికే వచ్చిందీ లేదు. మాకు దక్కిందంతా ఇంకోదానికి పోంగా మిగిలింది. ఎనుముకు పోంగా మిగిలింది, దీపానికి పోంగా మిగిలింది, బండి ఇరుసుకు పోంగా మిగిలింది. ఆ మిగులు ఎట్ల వచ్చిందో వింటే, నీ దుడ్లు యాడ మిగలతాయో నీకే తెలిసిపోతాది.

మాది చంద్రగిరి పక్క పల్లె. పొద్దన్నా మాపన్నా రాగిసంగటే. వరిబువ్వ పండగలకూ, చుట్టాలొచ్చినప్పుడూ. సంగటికి గంజి వంచేది ఉండదు, నూకలు ఉడికే ఎసట్లోనే పిండి పోసి కెలికేస్తారు. అందుకని గంజి కంటికి కనపడేది ఉగాదికి, దీపావళికి, సంక్రాంతికి. ఆ పొద్దే తలంట్లు. వేడి గంజిలో సీకాయపొడి కలిపి తలకు రుద్దితే దువ్వెన చిక్కుపడకుండా దిగేది. మామూలు వారాల్లో నూకలు కడిగిన నీళ్ళు. అవి పోవాల్సింది కుడితి తొట్లోకి. తొట్టికాడ మా జేజి కాపలా. ఒక చెంబుడు నీళ్ళు తలకని తీసుకుంటే, "ఎనుము పాలిస్తాదే, నీ జుట్టేమిస్తాది?" అని కసిరేది. జేజి దొడ్డివైపు పొయ్యిందాకా కాసుకొని ఉండి, గబగబా ముంచుకొని వచ్చేది మేము.

మొన్న నువ్వే గదా సెల్లులో చూపిస్తివి, చైనాలో హువాంగ్లువో అనే ఊర్లో యావో ఆడోళ్ళు బియ్యం కడిగిన నీళ్ళు పులియబెట్టి తల కడుక్కుంటారని, మడిమల దాకా జుట్టు ఉంటాదని. వాళ్ళకు మా జేజి లాంటి జేజి లేదేమో.

సీకాయకు కొరత లేదు. కొండ పక్కనే ఉంటిమి గదా. యానాదులు శేషాచలం అడవిలోకి పొయ్యి తేనె, సీకాయ, కుంకుళ్ళు, ఉసిరికాయలు తెచ్చేవాళ్ళు. దుడ్లు అడిగేవాళ్ళు కాదు, గంపలో సీకాయ మనకు పోసి రాగులు కొలిపించుకొని పోయేవాళ్ళు. ఆ సీకాయను గలగలమనేదాకా ఎండబెట్టి రోట్లో దంచాల. ముక్కుకు గుడ్డ కట్టుకున్నా తుమ్ములు ఆగవు. దాంట్లో గుప్పెడు మెంతులు, గుప్పెడు పెసలు, నీడలో ఎండిన మందారాకు, రసం పిండేసినాక పారేసే నిమ్మతొక్కలు. తొక్కలు కూడా మిగులే, చూడు. సీకాయకు రాగులు ఇవ్వలేనోళ్ళు చిగరాకు వాడేవాళ్ళు, అరవోళ్ళు అరప్పు అంటారే, అది. గుట్టల మింద చెట్టు, ఎవురైనా దూసుకోవచ్చు. ఆకు ఎండబెట్టి పొడి చేసి నీళ్ళలో కలిపితే జారుజారుగా వస్తాది. నురగ తక్కువ, జిడ్డు మాత్రం వదలతాది.

నూనె కథ ఇంకా పెద్దది. కొబ్బరినూనె అంగట్లో ఉండేది, మన ఇంటికి వచ్చేది కాదు. గెనాల మింద ఆముదం చెట్లు వేసేవాళ్ళు. గింజలు వేయించి, దంచి, నీళ్ళలో వేసి ఉడకబెడితే నూనె పైకి తేలతాది. దాన్ని గరిటెతో మెల్లింగా తీసి ఇంకో చట్టిలోకి పోసి, చిటపట ఆగిందాకా మళ్ళీ కాచాల. ఒక పొద్దు పని. నల్లంగా, బంకబంకగా, ఊరంతా వాసన. దాన్ని పంచేది మా అమ్మ. మొదట దీపానికి. తర్వాత బండి ఇరుసుకు, కాలిన గడ్డి మసి కలిపి కందెన చేసేది మా నాయన. తర్వాత బాలింతకూ పసిబిడ్డకూ. అడుగున ఏదన్నా ఉంటే ఆడబిడ్డల నెత్తికి. ఎద్దులబండికి ఉండే మర్యాద మాకు ఉండ్లేదు!

ఆముదం పెడితే జుట్టు పెరగతాదా అని అడగబోతావు. పెరగతాదని నేను చెప్పను. మా ఇంట్లో నాలుగు తలలకు ఒకే ఆముదం, ఒకదానికి మోకాళ్ళ దాకా, ఒకదానికి భుజాల దాకా. ఎవురికి ఎంత రాసిపెట్టుంటే అంత. ఎండకూ గాలికీ తిరిగేవాళ్ళకు వెంట్రుక ఎండిపోయి తునగకుండా కాపాడేది, అంతవరకు నిజం. ఇంకోటి, ఆ పచ్చి గింజ విషం. పిల్లోళ్ళు ఉండే ఇంట్లో నువ్వు కొత్తగా ఆముదం వండేదానికి పూనుకోవద్దు. గానుగకాడ కొంచెం కొనుక్కో, ఏడాది వస్తాది.

తలకు పోసుకునేది శుక్రవారం ఆడోళ్ళు, శనివారం మొగోళ్ళు. అదేం చిన్న పని కాదు. బాయిలో నీళ్ళు చేదాల, చిదుగులు ఏరాల, కాగు కింద మంట ఎగదొయ్యాల. కుంకుళ్ళు రాయితో కొట్టి గింజలు తియ్యాల. ఆ నల్ల గింజలతో మేము గోలీలాడేది. కుంకుడు పులుసు ఇంకో మనిషి పొయ్యాల, మనం తల వంచుకొని కండ్లు మూసుకోవాల. ఒక చుక్క పడిందా, సందకాడ దాకా కండ్లు ఎర్రంగా. తల ఆరేదానికి సాంబ్రాణి పొగ. అంతా అయ్యేసరికి పొద్దు నడినెత్తికి వచ్చేది. శుక్రవారం నేను బడికి పోయింది తక్కువ. మా అయ్యవారు నన్ను "శుక్రారం పిల్ల" అని పిలిచేవాడు.

కొండమింద సామికి కూడా శుక్రవారమే అభిషేకం. పాలు, పసుపు, గంధం, ఆ పైన పునుగు తైలం. మూర్తిని చూడు, గడ్డం మింద తెల్లంగా పచ్చకర్పూరం. దానికి మా జేజి చెప్పే కథ ఉండాది. అనంతాళ్వారనే భక్తుడు పూలతోటకని చెరువు తవ్వతా ఉంటే, సామి పిల్లోడి వేషంలో వచ్చి మన్ను మొయ్యబోయినాడంట. నా పుణ్యంలో వాటాకు వచ్చినావా అని కోపంతో గునపం విసిరితే గడ్డానికి తగిలింది. గుళ్ళోకి పొయ్యి చూస్తే మూర్తి గడ్డం నుంచి రక్తం! ఆయన గడగడా వణికి, చేతికి దొరికిన పచ్చకర్పూరం అద్దినాడు. ఆ గునపం మహాద్వారం కాడ ఈ పొద్దుకీ వేలాడతా ఉండాది. దేవుడికి దెబ్బ తగిలినా పూసింది చేతికి దొరికిందే.

కొండ అంటే గుండు గుర్తొస్తాది గదా. నీలాదేవి తన జుట్టు కోసి సామి తలకు పెట్టిందని, అందుకే తలనీలాలు ఇస్తామని చెప్తారు. కల్యాణకట్టలో గుండు ఉచితం. గుండు మింద గంధం పూస్తే కత్తి మంట తగ్గి చల్లంగా ఉంటాది. ఆ జుట్టంతా ఇప్పుడు పొడుగును బట్టి రకాలు చేసి ఈ-వేలం పెడతారు. ఏడాదికి నూరు కోట్లకు పైనే వస్తాదంట. దేశాలు దాటిపొయ్యి విగ్గులవతాదంట. మాకు అదేం వింత కాదు. ఊడిన వెంట్రుక పారేసే ఇల్లు మా ఊర్లో లేదు. దువ్వెనకు వచ్చింది ఉండ చుట్టి గోడ సందులో దోపేది. కొంత సవరానికి. జడ సన్నంగా ఉన్నోళ్ళు వాళ్ళ జుట్టుతోనే సవరం కట్టించుకునేవాళ్ళు. మిగతాది వెంట్రుకలు కొనేవాడు వస్తే, పిన్నీసులకూ సూదులకూ మార్చుకునేది. నా మొదటి పిన్నీసుల గుత్తి నా నెత్తి మిందనే మొలిచింది.

ఇంగ ఒంటి సంగతి. ప్రతి ఇంటి నీళ్ళుపోసుకునే బండ మింద ఒక పసుపు మరక ఉండేది. కొమ్ము పసుపు నీళ్ళు చల్లి అరగదీసి మొహానికీ కాళ్ళకూ పూసుకునేది. రోజూ అరగదీసి అరగదీసి ఆ చోట బండ గుంత పడేది. మడిమలు పగిలితే రాత్రి ఆముదం, పసుపు. కయ్యల్లో బురదలో నాట్లు వేసే ఆడోళ్ళకు వేళ్ళ సందులు పాసిపోయేవి, దానికి గోరింటాకు దంచి పెట్టేది. ఎర్రంగా పండేది సింగారానికి అనుకుంటారు మీరు, మాకు మొదట మందు.

నలుగు మాత్రం రోజూ కాదు. పసిబిడ్డకు, పెండ్లికూతురికి, పండగ పొద్దుకు. పెసలు, కచ్చూరాలు, కొంచెం బావంచాలు కలిపి విసిరిన పిండి. బావంచాలు "కొంచెం" అని ఎందుకంటానంటే, అది పూసుకొని ఎండకు పోతే చర్మం కాలి నల్లబడతాది. బొల్లికి మందుగా ఇచ్చేది దాన్నే. నిమ్మరసం కూడా అంతే. మొహానికి రుద్దుకొని తిరుపతి ఎండలో స్కూటీ తోలితివంటే మచ్చలు పడతాయి. నలుగుతో మురికి పోతాది, మెరుపు వస్తాది. రంగు మారదు. మా అమ్మ నాకు నలుగు పెట్టేటప్పుడు ఒకామె "తెల్లబడతాదిలే పిల్ల" అంటే, "నల్ల పిల్లకే నలుగు పెడతా ఉండా, తెల్ల పిల్లకు కాదు" అనింది. ఆ మాట నాకు ఇంతకాలమూ పనికొచ్చింది.

గడ్డలకూ మొటిమలకూ ఎర్రచందనం. తిరుపతి నుంచి చెక్కబొమ్మలు తెచ్చేవాళ్ళు, ఆడబొమ్మ మొగబొమ్మ జత. పిల్లోళ్ళు ఆడుకొని విసిరేస్తే, ఆ బొమ్మనే సానరాయి మింద అరగదీసి గంధం తీసేది. మా ఇంట్లో మొగబొమ్మకు కాళ్ళు అరిగిపొయ్యి మోకాళ్ళ మింద నిలబడేవాడు. ఈ చెట్టు మన కొండల్లో, కడప, నెల్లూరు, కర్నూలు కొండల్లో, వాటి చుట్టుపక్కల తప్ప అడవిలో తానుగా మొలిచేది తక్కువ. ఇప్పుడు దానికోసం దొంగలు, పోలీసులు, కాల్పులు. 2015 ఏప్రిల్‌లో శేషాచలం అడవిలోనే ఇరవై మంది చచ్చిపోయిరి, అరవదేశం నుంచి వచ్చిన కూలోళ్ళు. మీరు దాని జోలికి పోవద్దు. మొటిమకు వేపాకు, పసుపు చాలు.

బొగ్గు మొహానికి మంచిదని మీ ట్యూబుల మింద రాసుంటాది గదా? తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర చూడండి. బైరాగి వేషం పొద్దు ఒళ్ళంతా తెల్లటి నాముమట్టి, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గుపొడి, దొర వేషానికి గంధం. మే నెల ఎండలో మొగోళ్ళు అవి పూసుకొని వీధులన్నీ తిరగతారు. అందానికి కాదు, మొక్కుకు. మీ తాత తోటి వేషం వేసిన మర్నాడు ఒంటి బొగ్గు వదిలించేదానికి సీకాయపొడి ఎంత పోయిందో! మా జేజి అయితే ఆ పొద్దు నీళ్ళు కుడితిలో కలవకుండా అడ్డం నిలబడింది.

నెరిసిన జుట్టుకు ఒకటి చెప్తా, ఇది నాకు శ్రీకాళహస్తిలో కలంకారీ వేసే ఇంటామె చెప్పింది. వాళ్ళు బట్టను కరక్కాయ నీళ్ళలో, ఎనుము పాలల్లో నానబెడతారు. చూడు, ఎనుము మళ్ళీ వచ్చింది! తుప్పు పట్టిన ఇనుము, బెల్లం కుండలో వేసి రెండు మూడు వారాలు ఊరబెడితే వచ్చే నీళ్ళను కసిం అంటారు. దాంతో గీత గీస్తే, తగిలిన చోట బట్ట నల్లంగా తిరగతాది. కరక్కాయలో ఉండే వగరు ఇనుమును పట్టుకుంటే నలుపు వస్తాది. మనం ఉసిరిపొడి ఇనప మూకుట్లో రాత్రంతా నానబెట్టి, పొద్దన్నే గోరింటాకు ముద్దలో కలిపి తలకు పెట్టుకునేదీ అదే లెక్క. నిగనిగలాడే నలుపు రాదు, నెరుపు కొంచెం మరుగు పడతాది. వారాలకు దిగిపోతాది. అంగట్లో "నల్ల గోరింటాకు" అని పొట్లం అమ్మతారే, పావుగంటలో కాటుక నలుపు వచ్చేది, అది ఆకు కాదు, రంగు మందు. మన వీధిలో ఒకామెకు దాంతోనే కండ్లు వాచి, నెత్తంతా పొక్కులు లేసిండాయి.

ఇదంతా విని ఆ కాలం బంగారం అనుకునేరు. పేన్లు లేని తల ఉండ్లేదు. మధ్యాన్నం అరుగు మింద ఒకరి వెనక ఒకరు కూర్చొని పేన్లు చూసేదే మాకు సినిమా. పేన్లకు సీతాఫలం గింజల పొడి పూసేది. కంట్లో పడితే చూపుకే మోసం. మా ఊర్లో ఒక పిల్ల నెలంతా కండ్లు తెరవలేదు. కిరసనాయిలు పూసి దీపం కాడికి పోయినోళ్ళూ ఉండారు. కూలికి పోయే ఇండ్లల్లో ఎనుము లేదు, కుడితి లేదు, గెనిం మింద ఆముదం చెట్టూ లేదు. మిగులు అంటే ముందు ఇంట్లో ఏదన్నా ఉండాల గదా? వాళ్ళు రేగడిమన్నుతో తల రుద్దుకునేవాళ్ళు. తెల్లారి కూలికి పొయ్యి సందకాడ వచ్చే మనిషికి శుక్రవారం ఏది?

అందుకే షాంపూ పాకెట్టు వచ్చినప్పుడు మొదట సంతోషపడింది వాళ్ళు. ఆ పాకెట్టు పుట్టింది మన పక్క అరవదేశంలో, కడలూరులో. పెద్ద సీసాల్లో ఉండే షాంపూను చిన్న పాకెట్లలో పోసి అమ్మచ్చని ఆ ఊర్లో ఒకాయన కనిపెట్టినాడంట. ఆయన కొడుకు 1983లో చిక్ షాంపూ మొదలుపెట్టె. తర్వాత తర్వాత అర్ధరూపాయికి కూడా అమ్మిరి. మీ అమ్మ అప్పుడు చిన్నది. అంగట్లో దండలు దండలుగా వేలాడే పాకెట్లలో ఒకటి చించుకొని వచ్చి, చెంబుడు చన్నీళ్ళతో తల కడుక్కొని బడికి ఉరికేది. శుక్రవారం బడి మానింది లేదు. మా జేజి బతికుంటే తిట్టేదేమో. నేను తిట్టలేదు. దంచేది, చేదేది, ఊదేది, అన్నిటికీ నా చేతులకు సెలవు దొరికింది గదా.

ఇప్పుడు నీ లెక్క చూద్దాం. సీసాలో మందారం కొనేదీ, తులం తులం పొడులు ఏడు రకాలు తెప్పించేదీ ఒకటే. రెండింటికీ దుడ్లే. మిగులుతో మొదలుపెట్టు. హాస్టల్ వంటింట్లో బియ్యం కడిగిన నీళ్ళు రోజూ తూములో పోతా ఉంటాయి, అక్కడ ఎనుము లేదు, అడిగేవాళ్ళు లేరు. తల కడిగినాక ఆ నీళ్ళు పోసి, కాసేపుండి మళ్ళీ కడుక్కో. పులిసిపోయిన పెరుగు ఉంటే, రాత్రి నానిన రెండు చెంచాల మెంతులు నూరి కలిపి మాడుకు పెట్టు, అరగంట చాలు.

కొనాల్సింది ఒకటే, కుంకుళ్ళు. తిరుపతిలో నాటుమందుల అంగట్లో దొరకతాయి. నీ జడకు పది పన్నెండు కాయలు. గింజలు తీసి రాత్రి నానెయ్, పొద్దన్నే ఒక ఉడుకు రానిచ్చి, పిసికి, గుడ్డలో వడగట్టు. నలక ఉంటే తలలో చిక్కుకుంటాది. ఒక పొద్దుకు సరిపడా చేసుకో, నిలవ పెడితే పులిసి కంపు కొడతాది. మీ హాస్టల్లో బోరు నీళ్ళు గదా, ఉప్పు నీళ్ళలో సబ్బు విరిగి తెట్టు కడతాది, కుంకుడు అట్ల విరగదు. కండ్లు మాత్రం గట్టింగా మూసుకో. ప్రతి వారమూ వద్దు, వెంట్రుక గరుకు దేలతాది. ముందు రాత్రి రవ్వంత నూనె పెట్టుకుంటే మేలు.

ఏది కొత్తగా పూసుకున్నా మోచేతి మడతలో ముందు పెట్టి ఒక పగలు, ఒక రాత్రి చూడు. దురద లేకపోతేనే మొహానికి. ఒకేసారి నాలుగు పెడితే, పొక్కింది దేనివల్లో తెలీదు. గుప్పెళ్ళు గుప్పెళ్ళుగా రాలతా ఉంటే ఏ ఆకూ ఆపదు. రక్తం తక్కువైనా రాలతాది, జరమొచ్చి పోయినా రాలతాది. డాక్టరమ్మ కాడికి పో, చెనిక్కాయలు తిను, సంగటి తిను, ఆకుకూర తిను.

దుడ్లు మిగలతాయి పాపా, నిజమే. దానికి బదులు పొద్దు పోతాది. మా కాలంలో ఆ పొద్దంతా ఆడోళ్ళదే, దానికెవురూ లెక్క కట్టలేదు. నువ్వు లెక్క కట్టుకో. సెలవు నాడు కుంకుళ్ళు కొట్టుకో, నీ స్నేహితురాలిని పొయ్యమను, మాట్లాడుకోండి. పరీక్షలప్పుడు ఇవేవీ పెట్టుకోవద్దు. రెండు రూపాయల పాకెట్టు చించి నెత్తిన పోసుకొని, బిన్నా పొయ్యి పుస్తకం తీసుకో.